మలేరియా మందులు వాడినా నాయనకు జ్వరం తగ్గట్లేదు
మా నాయనకు 54 ఏళ్లు. ఆదోని దగ్గర పల్లెలో రోజూ గొర్రెల వెంట తిరుగుతాడు. జ్వరం మొదలై పది రోజులు, కర్నూలులో ఆసుపత్రిలో చేర్చి ఆరు రోజులు. వైవాక్స్ మలేరియా అన్నారు. క్లోరోక్విన్ మూడు రోజుల కోర్సు అయిపోయింది, ప్రైమాక్విన్ నడుస్తోంది. నిన్నటి రక్తపరీక్షలో (స్మియర్) మలేరియా పరాన్నజీవి లేదు. అయినా సాయంత్రం నాలుగయ్యేసరికి 103 దాటుతోంది, పొడి దగ్గు. ప్లేట్‌లెట్లు 62 వేలు. డెంగీకి చేసే ఎన్ఎస్1 టెస్టు నెగెటివ్, కానీ అది చేసింది జ్వరం వచ్చిన ఎనిమిదో రోజున, అంత ఆలస్యమైతే డెంగీ ఉన్నా దొరక్కపోవచ్చట! టైఫాయిడ్‌కి చేసే విడాల్ టెస్టు పాజిటివ్ అన్నారు; మలేరియా ఉంటే అది ఉత్తపుణ్యానికి కూడా పాజిటివ్ వస్తుందట.

రాత్రి పంచె మారుస్తుంటే గజ్జల్లో బీడీ చురక తగిలినట్టు నల్లటి పక్కు కనిపించింది, చుట్టూ ఎర్రగా ఉంది. నొప్పి లేదంటాడు. డ్యూటీ డాక్టర్ గారికి చూపిస్తే ‘గోక్కొని ఉంటాడులే’ అన్నారు.

ఇలాంటి కేసులు చూసినవాళ్లు చెప్పండి: రేపు రౌండ్స్‌లో స్క్రబ్ టైఫస్‌కి (నల్లి లాంటి చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం, కుట్టిన చోట ఇలాంటి నల్ల పక్కు పడుతుందట) ఐజీఎం రక్తపరీక్ష రాయమని గట్టిగా అడగొచ్చా?