జూట్, జూటం, ఝోటొ: గోనెసంచి వెనక ఉన్న మాట ఎక్కడిది?

ప్రశ్న (నెల్లిమర్ల)

శివుడి జటాజూటంలోని జూటమే ఇంగ్లీషువాళ్ల నోట ‘జూట్’ అయిందని ఒక పోస్టు తిరుగుతోంది. నిఘంటువుల్లో ఏముందో తెలిసినవాళ్లు చెప్పండి. ఇంకోటి: జూట్‌కి తెలుగు ‘జనపనార’ అని రాస్తున్నారు. మన వైపు పండేది గోగు. జనుము వేరు. ఈ మూడూ ఒకటెలా అయ్యాయి?

జవాబు (శ్రీకాకుళం)

పోస్టులో సగం నిజం ఉందండీ, మిగతా సగం తొందరపాటు.

ఇంగ్లీషులో ఈ మాట మొదట కనిపించేది 1746లో, ఒక ఓడ ప్రయాణపు దినచర్యలో. దానికి వాడుక తెచ్చినవాడు రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త. ఆయన మనకు కొత్తవాడు కాదు. 1793లో కలకత్తాలోని కంపెనీ వృక్షశాస్త్ర తోటకు వెళ్లకముందు సామర్లకోటలో ఉండి, మన మొక్కలకు తెలుగు పేర్లు కూడా రాసుకున్న మనిషి. 1795లో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లకు రాసిన ఉత్తరంలో, ఈ నారను ‘ఇక్కడివాళ్లు జూట్ అంటారు’ అన్నాడు.

ఏ ‘ఇక్కడివాళ్లు’ అన్నదే తగువు. 1879లో స్కీట్ అనే ఇంగ్లీషు భాషావేత్త సంస్కృత జూట శబ్దాన్ని మూలంగా చూపాడు: మునుల జడ, మర్రి ఊడ, ఆపైన నారలాంటిది ఏదైనా అని మూడు అర్థాలు చెప్పాడు. ఇంగ్లీషులోకి చేరిన మన దేశపు మాటల నిఘంటువు హాబ్సన్-జాబ్సన్, ఆ నార అర్థం చాలా అనుమానమేనని, మాట ఒడిశా నుంచి వచ్చిందని రాసింది. నా ఓటు దానికే. జూటానికి ముడివేసిన జుట్టు అన్న అర్థం గట్టిది. నార అన్న అర్థాన్ని మాత్రం ఇంగ్లీషు మాటను చూసి వెనక్కి అతికించినట్టుంది.

జవాబు (ఇచ్ఛాపురం)

ఒడియాలో ఈ నార పేరు ఝోట. పలికేటప్పుడు చివర ‘ఒ’ వినిపిస్తుంది, ఝోటొ. ‘ఝ’లో ఒత్తు గమనించండి, జూటంలో అది లేదు. చాలా ఇంగ్లీషు నిఘంటువులు బెంగాలీ ‘ఝుటొ’ను చూపిస్తాయి గానీ బెంగాలీలో మామూలు మాట పాట్. హిందీలోనూ పాట్, పట్‌సన్. అంగట్లో అడిగే పేరు పాట్ అయినప్పుడు ఓడవాళ్లు ఝుటొ ఎక్కడ పట్టుకున్నారు? ఒడిశాలోని బాలేశ్వర్ రేవులో ఇంగ్లీషువాళ్ల గిడ్డంగులు 17వ శతాబ్దం నుంచే ఉన్నాయి. అక్కడ పట్టుకున్నారంటే సరిపోతుంది.

ఇక ఈ ఝోట, ఆ జూట, జట... వీటి అసలు మూలం సంస్కృతమేనా అన్నది తేలలేదు. జట శబ్దమే ఆర్యభాషల బయటినుంచి వచ్చి ఉంటుందని కొందరంటారు.

(డెన్మార్క్ వైపు జూట్స్ అనే జాతి ఉండేది. వాళ్లకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఎవరో ఒకరు ఆ పోస్టు కూడా పెట్టేస్తారని ముందే చెబుతున్నా.)

జవాబు (ఆమదాలవలస)

‘జడలా ఉంటుంది కాబట్టి జూట్’ అన్నదాని మీద ఒక మాట. నార జడలు కట్టిందంటే అది పాడైన నార. ఎలా తీస్తారో చూస్తే తెలుస్తుంది.

గోగుని సగం మొక్కలు పూతకొచ్చినప్పుడు కోసి, కట్టలు కట్టి, ఆకు రాలేదాకా రెండు మూడు రోజులు నిలబెట్టాలి. చెరువులో ముందు మొదళ్లు మాత్రమే మూడు రోజులు నానాలి, ఎందుకంటే అక్కడ బెరడు మందం. తరవాత కట్టలు పడుకోబెట్టి, పైన బెత్తెడు నీళ్లుండేలా రాళ్లతో అణచాలి. మట్టిగడ్డలు, అరటి బోదెలు బరువు పెడితే మట్టిలోని ఇనుమూ కాండంలోని వగరూ కలిసి నార నల్లబడుతుంది. పదో రోజు నుంచి రోజూ ఒక కాడ తీసి మొదలు దగ్గర విరిచి లాగాలి. పుల్ల నుంచి నార జారిపోతే అయినట్టు. ఆలస్యమైతే పీచు తెగుతుంది, తొందరపడితే మొదలు దగ్గర బెరడు అతుక్కుని మిల్లులో కోసి పారేస్తారు.

బాగా ఊరి, కడిగి, దండెం మీద ఆరేసిన నార దువ్విన జుట్టులా జారుతూ ఉంటుంది, జటలా కాదు. పోలికతో పేరు పెట్టాలనుకుంటే నార కంటే పురిపెట్టిన పురికొసకే జూటం నప్పుతుంది.

జవాబు (బొబ్బిలి)

రెండో ప్రశ్న ఇంకా మిగిలింది. ఆకు అడుగున రెండు సన్నటి తోకల్లాంటి కుచ్చులుంటే అసలు జూట్ మొక్క. పువ్వు చిన్నది, పసుపు. లేత పసుపు పెద్ద పువ్వు, మధ్యలో ముదురు ఎరుపు, కాండం మీద ముళ్ల గరుకు ఉంటే గోగు. చిక్కుడు జాతి పసుపు పువ్వు, ఎండితే గలగలలాడే కాయ ఉంటే జనుము, పచ్చిరొట్టకి దున్నేసేది. నార తీస్తే మూడూ గోనెకీ తాడుకీ పనికొస్తాయి. పనిని బట్టి పేరు కలిపేశారు, అంతే. మన గోగునారను పాత ఇంగ్లీషు వ్యాపారులు భీమునిపట్నం రేవు పేరుతో ‘బిమ్లి జూట్’ అనేవారు. అంటే అది జూట్ కాదని వాళ్లకీ తెలుసు, జూట్ లాంటిదనీ తెలుసు.

పత్రికల్లో గోగుని కూడా జనపనార అని రాయడం ఆపితే చాలు. గోగు కూర కలిసి గోంగూర అయిన ఊళ్లలో ఈ తికమకేటండీ.

ప్రశ్న అడిగినవారు (నెల్లిమర్ల)

మరి ‘గన్నీ బ్యాగ్’లో గన్నీ?

జవాబు (శ్రీకాకుళం)

అది మన గోనెకి అన్నదమ్ముడే. తమిళంలో కోణి, కన్నడంలో గోణి, సంస్కృతంలో గోణీ. పాణిని నాటికే సంచి అన్న అర్థం ఉంది. ఇంగ్లీషువాళ్లకు హిందీ, మరాఠీల గోణి ద్వారా చేరిందంటారు. అయితే సంస్కృతం దక్షిణాది నుంచి తీసుకుందా, మనం అటునుంచి తీసుకున్నామా అన్నది వేరే పంచాయతీ. దానికి వేరే చర్చ పెట్టండి, ఇక్కడ కలిపితే నిజంగానే జడలు కడుతుంది.