సల్ఫాక్సైడ్లకు ఎల్ఈడీ లైటు: ల్యాబు దాటి ప్లాంటుకి వస్తుందా?

ఫ్లాస్కు_గాడు:
సల్ఫైడ్‌లోని గంధకానికి ఒక ఆక్సిజన్ తగిలించి సల్ఫాక్సైడ్ చేయడానికి ఇంకా ఎంసీపీబీఏ అనే పెరాక్సీ యాసిడ్ ఎందుకండీ? మోల్‌కి మోల్ క్లోరోబెంజోయిక్ యాసిడ్ చెత్త మిగులుతుంది, బైకార్బొనేట్‌తో కడగలేక చస్తున్నాం. మెథనాల్‌లో చిటికెడు రోజ్ బెంగాల్ రంగు వేసి, ఆక్సిజన్ పంపుతూ పచ్చ ఎల్ఈడీ వెలిగిస్తే చాలు. కాంతి తగిలిన రంగు పుట్టించే చురుకైన ఆక్సిజన్, అంటే సింగ్లెట్ ఆక్సిజన్, ఒక సల్ఫైడ్‌ని పట్టుకుని పర్‌సల్ఫాక్సైడ్ అవుతుంది, అది రెండో సల్ఫైడ్‌కి ఒక ఆక్సిజన్ ఇచ్చేస్తుంది. ఒక్క ఆక్సిజన్ అణువుకి రెండు సల్ఫాక్సైడ్లు! దీన్ని వద్దనేవాళ్లు కారణం చెప్పండి.

రియాక్టర్_రావు:
చెప్తా తమ్ముడూ. మా గ్లాస్ లైన్డ్ రియాక్టర్‌కి లోపలే గాజు, బయటంతా ఉక్కు. లైటు ఎక్కడ పెడతావు? లోపలికి దించినా, ఆ ఎర్రటి ద్రావణంలో పచ్చ కాంతి కొద్ది మిల్లీమీటర్లు దిగేసరికే అయిపోతుంది. దీపం చుట్టూ రియాక్షన్, మిగతాదంతా చీకటి. పైగా మెథనాల్ ఆవిరి, ఆక్సిజన్ ఒకే చోట. సేఫ్టీ వాళ్లు ఫైలు కూడా తెరవరు.

నీలికాంతి:
రావు గారూ, అంత పెద్ద కుండలో చేయమని ఎవరన్నారు? కాంతి దూరే సన్నటి ఎఫ్ఈపీ ప్లాస్టిక్ ట్యూబు చుట్టి, ఎల్ఈడీల మధ్య పెట్టి పంపు చేయండి. ఏ క్షణాన చూసినా లైటు కింద ఉండే సరుకు కొంచెమే, ప్రమాదమూ ఆ మేరకే. సనోఫీ మందుల కంపెనీ వాళ్లు ఇటలీలోని గారెస్సియోలో మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కి సింగ్లెట్ ఆక్సిజన్‌ని టన్నుల లెక్కన వాడలేదా?

రియాక్టర్_రావు:
వాడారు, పాదరసం దీపాలతో. ఎల్ఈడీలతో కాదు.

క్యూసీ_అక్క:
మీరిద్దరూ లైటు దగ్గరే ఆగిపోయారు. హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ వాళ్లకి సల్ఫాక్సైడ్ అంటే ముందు గుర్తొచ్చేది ఎసిడిటీ మందులు ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్. ఈ అణువుకి కుడి, ఎడమ చేతుల్లా రెండు అద్దం రూపాలు, ఎసోమెప్రజోల్‌కి అందులో ఒక్కటే కావాలి. అందుకే టైటానియం ఐసోప్రొపాక్సైడ్, డైఇథైల్ టార్ట్రేట్, క్యూమీన్ హైడ్రోపెరాక్సైడ్ వాడతారు. సింగ్లెట్ ఆక్సిజన్‌కి కుడి ఎడమలు తెలియవు, రెండూ సగం సగం ఇస్తుంది. పోనీ రెండు రూపాలూ కలిసిన (రేసిమిక్) ఒమెప్రజోలే చేద్దామన్నా, ఆ మందే వెలుతురుకి పాడైపోతుంది. మేం శాంపిల్‌ని అంబర్ సీసాలో దాచేది ఊరికే కాదు. తయారయ్యే మందుని తయారయ్యే చోటే లైటులో ఉంచుతానంటే ఇంప్యూరిటీ ప్రొఫైల్ (మందులోని మలినాల లెక్క) మీద ఎవరు సంతకం పెడతారు, నేనా?

ఫ్లాస్కు_గాడు:
అక్కా, ఒమెప్రజోల్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఆ ఒక్క మందుని చూపించి పద్ధతినే కొట్టేస్తే ఎలా?

నీలికాంతి:
అసలు సల్ఫాక్సైడ్ మీద కొట్టుకోవడమే దండగ. థయాల్-ఈన్ చూడండి, అంటే థయాల్ (గంధకం-హైడ్రోజన్ ఉన్న సమ్మేళనం)ని కార్బన్ డబుల్ బాండ్‌కి తగిలించే రియాక్షన్. 2013లో అమెరికా కెమిస్టు యూన్ గ్రూపు రుథీనియం కాటలిస్టుతో నీలి కాంతిలో చేసింది. కాంతి మొదటి థయిల్ రాడికల్‌ని పుట్టిస్తే చాలు, ఆ తర్వాత చైన్ దానంతటదే నడుస్తుంది. ఒక ఫోటాన్ ఖర్చుకి ఎన్నో అణువులు వస్తాయి కాబట్టి కరెంటు బిల్లు భయమూ తక్కువే. గాలి చొరబడకుండా బిగించి చేసే పని, ఆక్సిజన్ గొడవే లేదు.

రియాక్టర్_రావు:
ఇది కాస్త వినబుద్ధవుతోంది. రుథీనియం తీసేసి చవకైన రంగుతో అదే దిగుబడి చూపిస్తే పైలట్ ప్లాంటు వాళ్లతో నేనే మాట్లాడతా. కాకపోతే థయాల్ కంపు లైటుకి పోదు. ముందు వాయువుల్ని కడిగే స్క్రబ్బర్‌లో హైపో (సోడియం హైపోక్లోరైట్) నిండుగా ఉందో లేదో చూసుకోండి.