టోరీ పైన్స్‌లో గోల్ఫ్: వినోదమా, దండగ ఖర్చా?

సౌత్‌కోర్స్ సుబ్బు: శాన్ డియేగోకి చుట్టాలొస్తే అందరూ జూకి తీసుకెళ్తారు. నేనైతే టోరీ పైన్స్ గోల్ఫ్ కోర్సులో ఒక రౌండ్ ఆడమంటాను. సిటీ నడిపే కోర్సు, మెంబర్‌షిప్ అక్కర్లేదు. సౌత్, నార్త్ అని రెండున్నాయి. సౌత్ కోర్సులో మూడో హోల్ (బంతి వేయాల్సిన గుంట) ఆడేచోట నిలబడితే ఎదురుగా పసిఫిక్ సముద్రమే. పక్కనున్న గ్లైడర్‌పోర్ట్ నుంచి పారాగ్లైడర్లు లేస్తుంటాయి. 2008లో టైగర్ వుడ్స్ కాలి ఎముకలో పగుళ్లతోనే యూఎస్ ఓపెన్ గోల్ఫ్ టోర్నీ గెలిచింది ఇక్కడే. అక్కడ మనమూ ఆడొచ్చు. ఇంకేం కావాలి?

లెక్కల మావయ్య: సముద్రం చూడ్డానికి గోల్ఫ్ ఎందుకయ్యా సుబ్బూ? పక్కనే స్టేట్ రిజర్వ్, అంటే ప్రభుత్వం కాపాడే ప్రకృతి పార్కు, ఉంది. అదే కొండ, అదే సముద్రం. పార్కింగ్ డబ్బులతో ఇంటిల్లిపాదీ తిరిగి రావచ్చు. ఐదు గంటల ఆటలో నువ్వు బంతి కొట్టేది ఎంతసేపు?

మిరపబజ్జి: మిగతాదంతా పొదల్లో బంతి వెతుక్కోవడమే మావయ్యా, హహ.

సౌత్‌కోర్స్ సుబ్బు: గోల్ఫ్‌లో ఎన్ని తక్కువ దెబ్బలైతే అంత గొప్ప; నా స్కోరు వందకు తగ్గిన రోజు లేదు, ఒప్పుకుంటా. కానీ ఒక్క షాట్ సరిగ్గా పడితే చేతికి ఏమీ తగిలినట్టే ఉండదు, బంతి అలా తేలుతూ వెళ్లి గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ ఉండే పొట్టి గడ్డి మీద, ఆగుతుంది. అంతకుముందు పోగొట్టుకున్న బంతులేవీ గుర్తుండవు. రిజర్వ్‌లో నడిస్తే ఇది వస్తుందా? పైగా ఊళ్లోవాళ్లకి రేటు బాగా తక్కువ.

లెక్కల మావయ్య: తక్కువే మరి, మన పన్నులతో గడ్డికి నీళ్లు పెడుతుంటే!

సౌత్‌కోర్స్ సుబ్బు: పన్నులతో కాదు. సిటీ కోర్సులకు వేరే నిధి ఉంది. ఆడేవాళ్ల ఫీజుల మీదే నడుస్తాయి.

లెక్కల మావయ్య: నేల ఎవరిది?

ఉష: మీరు పార్కింగ్ దగ్గరా గడ్డి దగ్గరా ఆగిపోయారు. టీ టైమ్, అంటే ఆట మొదలెట్టే బుకింగ్, దొరక్క మా ఆయన తెల్లారకముందే వెళ్లి ఒంటరిగా వచ్చేవాళ్ల సింగిల్స్ లైన్లో నిలబడతాడు. శనివారం పిల్లల సాకర్ నా నెత్తిన. వినోదం ఎవరికో అది తేల్చండి ముందు.

సౌత్‌కోర్స్ సుబ్బు: మావయ్యా, గోల్ఫ్ మాట వినబడితే చాలు, మీరు వాదనకి దిగిపోతారు. అసలు మీ బాధేంటి?

లెక్కల మావయ్య: బాధే. పాత ఆఫీసులో గోల్ఫ్‌కి వెళ్లే నలుగురూ ప్రాజెక్టులు అక్కడే పంచేసుకుని వచ్చేవారు. నేను సీట్లో కూర్చుని కోడ్ రాసేవాణ్ణి. "క్లబ్బులు, అదే గోల్ఫ్ కర్రలు, కొనుక్కో" అన్నాడు మేనేజర్, నవ్వుతూ. చెల్లి పెళ్లికి డబ్బు పంపుతున్న రోజులవి.

సౌత్‌కోర్స్ సుబ్బు: అది ఆ మేనేజర్ తప్పు, 18 హోల్స్‌ది కాదు. నాతో ఆడేవాళ్లలో ప్లంబర్ ఉన్నాడు, రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఉన్నాడు. నా క్లబ్బులు సెకండ్ హ్యాండ్‌వి.

లెక్కల మావయ్య: నువ్వు ఆడుకో, నేను వద్దనను. సిటీది కాబట్టి అందరి ఆట అని మాత్రం అనకు.

సౌత్‌కోర్స్ సుబ్బు: మనలాంటివాళ్లు గేటు బయటే ఉండిపోతేనే కదా అది వాళ్ల ఆటగా మిగిలేది?

లెక్కల మావయ్య: నన్ను లోపలికి రమ్మన్నదెవరు?

ఉష: నన్నూ ఎవరూ రమ్మనలేదు.

మిరపబజ్జి: ఇంతకీ కొత్తవాళ్లకి నార్త్ కోర్సు సులువా?

సౌత్‌కోర్స్ సుబ్బు: సౌత్ కన్నా సులువే.