400 సీడీలను ఒకే పెట్టెలోకి ఎక్కించుకోవడానికి ఏ డిజిటల్ జ్యూక్‌బాక్స్ మేలు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఏళ్ల తరబడి కొంటూ వచ్చిన సీడీలు మా ఇంట్లో సుమారు 400 ఉన్నాయి. వాటన్నిటినీ ఒక పెట్టెలో నిల్వ చేసుకొని, కంప్యూటర్ తెరవకుండానే కావలసిన ఆల్బమ్ వినగలగాలన్నది నా కోరిక. ఎక్కువగా వినేది మా నాన్నగారు. ఆయన స్మార్ట్‌ఫోన్ వాడరు కనుక పెట్టె మీది మీటలతోనో రిమోట్‌తోనో పని జరగాలి. స్పీకర్లు మంచివే ఉన్నాయి గాని ఆంప్లిఫయర్ పాడైపోయింది. బ్రెనన్ బి2, కాక్‌టెయిల్ ఆడియో ఎక్స్35, బ్లూసౌండ్ వాల్ట్ 2ఐ, నెయిమ్ యూనిటీ కోర్ అనే నాలుగింటి వివరాలు చదివాను. చదివిన కొద్దీ అన్నీ ఒకే పని చేస్తాయనిపిస్తోంది. వీటి మధ్య అసలు తేడా ఏమిటో, హార్డ్ డిస్క్ ఎంత ఉండాలో దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

మీరు చెప్పిన నాలుగూ ఒకే జాతికి చెందినవి కావండి. బ్రెనన్ బి2లోనూ ఎక్స్35లోనూ ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది. స్పీకర్ తీగలు నేరుగా వాటికే తగిలించవచ్చు. బి2 చిన్న పెట్టె, రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఆధారంగా పనిచేస్తుంది, ఒక్కో ఛానెల్‌కు 15 వాట్ల శక్తి ఇస్తుంది. ఎక్స్35 ఒక్కో ఛానెల్‌కు 100 వాట్లు ఇవ్వగలదు, దాని తెర కూడా చాలా పెద్దది. వాల్ట్ 2ఐలో 2 టీబీ డిస్క్ ఉన్నప్పటికీ ఆంప్లిఫయర్ లేదు, పాట పేరు చూపే తెర లేదు, సంగీతాన్ని వెతుక్కోవడం యాప్ ద్వారానే జరుగుతుంది. యూనిటీ కోర్ అయితే నిల్వ చేసి అందించే సర్వర్ మాత్రమే. దాని నుంచి డిజిటల్ సంకేతమే వెలువడుతుంది కాబట్టి దాన్ని ధ్వనిగా మార్చే మరో పరికరం తప్పనిసరి, డిస్క్ కూడా మనమే అమర్చుకోవాలి. అది మంచి యంత్రమే, కాని మీ నాన్నగారి అవసరానికి తగినది కాదు.

నేనైతే మొదటి రెండింటి మధ్యనే ఎంచుకుంటాను. గది పెద్దదై, స్పీకర్లు ఎక్కువ శక్తి కోరేవైతే ఎక్స్35 తీసుకోండి. చిన్న గదిలో, తక్కువ శక్తితోనే గట్టిగా పలికే స్పీకర్లతో వినేటట్లయితే బి2 సరిపోతుంది. అయితే దాని తెర చిన్నది. కొనే ముందు మీ నాన్నగారు కూర్చునే దూరం నుంచి అక్షరాలు ఆయనకు కనిపిస్తాయో లేదో ఆయన చేతనే చూపించండి.

రెండవ సమాధానం

డిస్క్ విషయానికి వస్తే, సీడీలో సంగీతం నిమిషానికి సుమారు 10 ఎంబీ చొప్పున ఉంటుంది. సగటున గంట నిడివి గల 400 సీడీలను యథాతథంగా, కుదించకుండా వేవ్ ఫైళ్లుగా దాస్తే 250 జీబీ వరకు అవుతుంది. నాణ్యత ఏమాత్రం పోని ఫ్లాక్ పద్ధతిలో అదే సంగీతం దాదాపు 150 జీబీలో ఇమిడిపోతుంది. అంటే 1 టీబీ డిస్క్ మీకు ధారాళంగా చాలు. ఎంపీ3లో ఇంకా తక్కువ పడుతుంది గాని, ఒకసారి పోయిన నాణ్యతను మళ్లీ తీసుకురాలేము. 400 సీడీలను రెండోసారి ఎక్కించే ఓపిక ఎవరికీ ఉండదు. వీలైతే తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ పెట్టించండి, మెల్లని సంగీతం వింటున్నప్పుడు తిరిగే డిస్క్ రొద చెవికి తెలుస్తుంది.

నాకు వాట్ల కన్నా ముఖ్యమనిపించేది మరొకటి ఉంది. పాటల పేర్లను యంత్రం ఎక్కడ రాసి పెడుతుందో తప్పక కనుక్కోండి. కొన్నేళ్ల క్రితం నా దగ్గరున్న ఒక యంత్రం ఆ పేర్లను ఫైళ్లలో కాక తన సొంత జాబితాలో మాత్రమే ఉంచుకునేది. అది చెడిపోయిన రోజున డిస్క్ తీసి చూస్తే సంగీతమంతా భద్రంగానే ఉంది, కాని వేలాది ఫైళ్లకు పేర్లుగా అంకెలే మిగిలాయి. ఒక్కొక్కటీ విని గుర్తుపట్టి పేరు పెట్టుకోవడానికి నాకు నెలలు పట్టింది. ఫ్లాక్ ఫైలు పాట పేరు వంటి వివరాలను, అంటే ట్యాగ్‌లను, తన లోపలే మోసుకెళ్లగలదు. ఫైళ్లను బయటి డిస్క్‌కు నకలు తీసుకోనివ్వని యంత్రం ఎంత చక్కగా పలికినా కొనవద్దని నా మనవి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా సీడీలలో కొన్నిటికి గీతలు పడ్డాయి. వాటిని ఈ యంత్రాలు సరిగ్గా చదువుతాయా?

మూడవ సమాధానం

కంప్యూటర్ ఫైళ్లుండే డేటా సీడీలో ఒక్కో సెక్టార్‌లో (డిస్క్ మీది చిన్న భాగంలో) 2,048 బైట్ల సమాచారంతో పాటు తప్పులను సరిదిద్దే అదనపు బైట్లు కూడా ఉంటాయి. ఆడియో సీడీలో సెక్టార్‌లోని మొత్తం 2,352 బైట్లూ సంగీతానికే పోతాయి గనుక ఆ అదనపు రక్షణ ఉండదు. చదవలేని చోట మామూలు డ్రైవ్ పక్క విలువలను చూసి ఊహించి పూరిస్తుంది, మనకు చెప్పదు కూడా. అందువల్ల గీతలు పడ్డ వాటిని మాత్రం కంప్యూటర్‌లో, అనుమానం వచ్చిన చోట పదేపదే చదివి, యాక్యురేట్‌రిప్ అనే ఇంటర్నెట్ జాబితా ద్వారా అదే సీడీని ఎక్కించిన ఇతరుల ఫలితాలతో పోల్చి చూసే సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించి, ఆ ఫైళ్లను తర్వాత పెట్టెలోకి మార్చుకోండి.

కొనే ముందు మూడు సీడీలు వెంట తీసుకెళ్లండి. పాటల మధ్య విరామం లేని కచేరీ ఒకటి, పలువురు గాయకులు పాడిన సంకలనం ఒకటి, అంతగా పేరులేని ఆల్బమ్ ఒకటి. మొదటిది పాట మారేటప్పుడు తెగకుండా వినిపించాలి, రెండవది గాయకుల వారీగా ముక్కలైపోకుండా ఒకే ఆల్బమ్‌గా కనిపించాలి. మూడవదాని వివరాలు ఇంటర్నెట్‌లో దొరకకపోతే, వాటిని చేత్తో నమోదు చేయడం ఎంత సులువో అక్కడే కూర్చుని చేసి చూడండి.