అప్‌డేట్: లంగరు జారడం, బ్యాటరీ పడిపోవడం
అద్దెకు తీసుకున్న తెరచాప పడవలో రాత్రిళ్లు లంగరు ఎందుకు జారుతోందని, తెల్లవారేసరికి బ్యాటరీ ఎందుకు పడిపోతోందని ఇదివరకు అడిగాను. తప్పు లంగరుది కాదు, నా లెక్కది: పరికరం చూపిన 5 మీటర్ల లోతునే నమ్మి 20 మీటర్ల గొలుసు వదిలాను గానీ, నీటి మీద పడవ ముక్కు ఎత్తునూ పోటుకు పెరిగే నీటినీ కలపలేదు. అవి కలిపితే 8 మీటర్లు అయినందున, ఆ మొత్తానికి అయిదు రెట్ల గొలుసు వదలాలని మీరు చెప్పినట్టే 40 మీటర్లు వదిలి, ఇంజన్‌ను రివర్స్‌లో నెమ్మదిగా నడిపి, ఒడ్డు మీది రెండు గుర్తులు ఒకే వరుసలో నిలిచాయని చూసుకున్నాక పడవ కదలలేదు. బ్యాటరీని తినేసింది ఫ్రిజ్. నేను అన్యాయంగా దీపాలను అనుమానించాను. లెడ్ యాసిడ్ బ్యాటరీ కాబట్టి 12.2 వోల్టులకు, అంటే దాదాపు సగం ఛార్జ్‌కు, దిగకముందే ఛార్జ్ చేస్తున్నాను. గాలి పెరిగేటప్పుడు తెరచాప కుదించడం మాత్రం ఇంకా ఆలస్యంగానే మొదలుపెడుతున్నాను.