మా నాన్నకి స్టార్ వార్స్ ఏ వరసలో చూపించాలి?

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నిన్న సాయంత్రం స్టార్ వార్స్ అంతరిక్ష కథల్లోని ‘మాండలోరియన్’ అనే సిరీస్ రెండో సీజన్ చివరి ఎపిసోడ్ చూశాను (2020లో వచ్చింది, నేనే ఆలస్యం). నల్ల ముసుగు, ఒక్క చేతికే గ్లవ్, ఆకుపచ్చగా వెలిగే కత్తి... ల్యూక్, పాత సినిమాల హీరో! ముసుగు తీయకముందే గావుకేక పెట్టేశాను. వసారాలో కొబ్బరికాయలు వలుస్తున్న నాన్న, పామేమోనని కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. తిడతారనుకున్నా. పక్కన కూర్చుని, “ఎవర్రా ఈ కుర్రోడు? మొదట్నించీ చూపించు” అన్నారు.

ఇప్పుడు నాకు టెన్షన్. మొదట విడుదలైన 1977 సినిమాతో మొదలుపెట్టాలా, కథలో దానికంటే ముందు జరిగే 1999 నాటిదానితోనా? కథ వరసలో వెళ్తే 1980 సినిమాలోని అసలు రహస్యం ముందే తెలిసిపోతుంది. పైగా ఆయనకి ఇంగ్లీషు రాదు, తొమ్మిదింటికల్లా నిద్ర. ఇంట్లో పెద్దవాళ్లకి చూపించినవాళ్లుంటే చెప్పండి, మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెప్తుంటే కూర్చుంటారా?