బానిసత్వం నాటి కథకి సుఖాంతం సరిపోతుందా? నల్లజాతి రచయిత్రుల హిస్టారికల్ రొమాన్స్ మీద మీ అభిప్రాయం చెప్పండి

పుటలపురుగు:
బెవర్లీ జెంకిన్స్ రాసిన ఇండిగో చదవడం అయిపోయింది కానీ ఇంకా అందులోంచి బయటికి రాలేకపోతున్నా. 1996లో వచ్చిన నవల, కథ మాత్రం అమెరికా అంతర్యుద్ధానికి కొంచెం ముందు మిషిగన్‌లో జరుగుతుంది. హెస్టర్ బానిసగా పుట్టింది, చిన్నప్పుడు నీలిమందు పనిలో పెట్టడం వల్ల చేతులకీ కాళ్ళకీ పట్టిన నీలం ఇక వదల్లేదు, ఇప్పుడు స్వేచ్ఛగా ఉంటూ బానిసత్వం ఉన్న దక్షిణాది రాష్ట్రాల నుంచి పారిపోయి వచ్చేవాళ్ళని తన ఇంట్లో దాస్తుంటుంది. దెబ్బలు తిని ఆ ఇంటికి చేరినవాడే హీరో గేలెన్. ప్రేమకథ నాకు చాలా నచ్చింది. కానీ ఒక డౌట్ వదలట్లేదు. బానిసత్వం మీద టోనీ మారిసన్ రాసిన బిలవెడ్ నవల చదివినవాళ్ళకి ఆ కాలం అనగానే గుండె బరువెక్కుతుంది కదా, అలాంటి కాలంలో కథ పెట్టి చివరికి ఇద్దరూ హాయిగా ఉన్నారని ముగిస్తే చరిత్రని తేలిక చేసినట్టు కాదా?

వెన్నెల_రాతలు:
నాకైతే పూర్తిగా రివర్స్ అనిపిస్తుందండీ. ఆ రోజుల్లో బానిసల పెళ్ళికి చట్టంలో విలువే లేదు, యజమానికి డబ్బు అవసరం పడితే మొగుణ్ణి ఒకడికి, పెళ్ళాన్ని ఇంకొకడికి అమ్మేసేవాడు, పిల్లల్ని కూడా అంతే. 1865లో విముక్తి వచ్చాక వాళ్ళు ఏం చేశారంటే ‘క్రిస్టియన్ రికార్డర్’ లాంటి నల్లవాళ్ళ పత్రికల్లో ప్రకటనలు వేయించారు, మా అమ్మని ఫలానా వాడు ఫలానా ఊళ్ళో అమ్మేశాడు, ఎక్కడుందో తెలిస్తే చెప్పండి, నా భార్య పేరు ఇది, అని. ఇలా దశాబ్దాల తరబడి వెతుకుతూనే ఉన్నారు. ఏళ్ళుగా కాపురం చేస్తున్న జంటలు కూడా విముక్తి పొందినవాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరోకి వెళ్ళి పెళ్ళి రిజిస్టర్ చేయించుకున్నారు. అలాంటి మనుషుల కథలో ‘ఇద్దరూ కలిసి ఉన్నారు’ అనేది చిన్న ముగింపు ఎలా అవుతుంది, వాళ్ళ దగ్గర లాక్కున్నదే అది కదా. హెస్టర్ వాళ్ళ నాన్న సంగతి చూడండి, స్వతంత్రుడై ఉండి కూడా భార్య కోసం తనని తాను బానిసగా అమ్ముకుంటాడు. కల్పన అనుకునేరు, స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్ళు కావాలంటే యజమానిని ఎంచుకుని బానిసలు కావచ్చని వర్జీనియాలో 1856లో చట్టమే చేశారు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసేసి చాలాసేపు అలా కూర్చున్నా.

కృష్ణాతీరం:
వెన్నెల గారూ, సగమే ఒప్పుకుంటాను. జెంకిన్స్ నవలల్లో ఇద్దరూ నల్లవాళ్ళే, ఒకరి మీద ఒకరికి అధికారం లేదు కాబట్టి ఆ ప్రేమని నమ్మగలం. అలిస్సా కోల్ రాసిన ఏన్ ఎక్స్‌ట్రార్డినరీ యూనియన్ (2017) దగ్గర మాత్రం నాకు ఇబ్బందిగానే ఉంది. ఎల్ అద్భుతమైన పాత్ర, ఒక్కసారి చూసింది ఏదీ మర్చిపోదు, స్వేచ్ఛగా ఉన్న మనిషి మూగ బానిసలా నటిస్తూ అంతర్యుద్ధంలో దక్షిణాది రాజధాని అయిన రిచ్‌మండ్‌లో ఉత్తరాది కోసం గూఢచర్యం చేస్తుంది, మేరీ బౌజర్ అనే ఆమె చరిత్ర నుంచి పుట్టిన పాత్ర. హీరో తెల్లవాడు, పింకర్టన్ అనే ప్రైవేట్ ఏజెన్సీ డిటెక్టివ్. ఆ తేడా గురించి రచయిత్రి మాట్లాడకుండా తప్పించుకోలేదు, ఎల్ చేత గట్టిగానే అడిగిస్తుంది, అయినా ప్రేమ అంత తొందరగా కుదరడం నాకు మింగుడుపడలేదు. దాని పక్కన డోలెన్ పెర్కిన్స్-వాల్డెజ్ రాసిన వెంచ్ (2010) చదివి చూడండి. దక్షిణాది యజమానులు తమ బానిస స్త్రీలని వేసవిలో వెంటబెట్టుకెళ్ళే రిసార్ట్, ఒహాయోలో నిజంగానే ఉండేది, టవావా హౌస్ అని. ఒహాయోలో బానిసత్వం లేదు, చుట్టూ స్వేచ్ఛగా తిరిగే నల్లవాళ్ళు కళ్ళముందు కనిపిస్తుంటారు, అయినా లిజీ తన యజమానిని ప్రేమిస్తున్నాననే అనుకుంటుంది, ఎందుకంటే ఆమె పిల్లలు అతని చేతుల్లో ఉన్నారు. అది ప్రేమకథ కాదని రచయిత్రి ఎక్కడా ఉపన్యాసం ఇవ్వదు, మనకే అర్థమవుతుంది.

రాత్రిచదువు:
అందరూ బానిసత్వం దగ్గరే ఆగిపోయారు, దాని తర్వాత కాలం గురించి ఎవరూ ఎత్తరేంటి?? జెంకిన్స్ మొదటి నవల నైట్ సాంగ్ (1994) కాన్సస్‌లో నల్లవాళ్ళు కట్టుకున్న ఊళ్ళో జరుగుతుంది, హీరోయిన్ స్కూల్ టీచర్, హీరో అమెరికా సైన్యంలో నల్లజాతి సైనికుల దళమైన పదో అశ్విక దళంలో సార్జెంట్. అలాంటి ఊళ్ళు నిజంగా ఉండేవి, 1877లో పుట్టిన నికోడెమస్ ఇప్పటికీ ఉంది. మామూలు చరిత్ర పుస్తకం లింకన్ నుంచి నేరుగా మార్టిన్ లూథర్ కింగ్ దగ్గరికి దూకేస్తుంది, మధ్యలో వాళ్ళు పెట్టుకున్న స్కూళ్ళు, పత్రికలు, చర్చిలు నాకు తెలిసింది ఈ రొమాన్స్ నవలల వల్లే, పైగా జెంకిన్స్ తను చూసిన చరిత్ర పుస్తకాల పేర్లు కూడా వెనకాల ఇస్తుంది. ఇంత పని చేస్తున్నా వీళ్ళకి దక్కిన గుర్తింపు చూస్తే కోపం వస్తుంది. 1980లో అమెరికా రొమాన్స్ రచయితల సంఘం పెట్టినవాళ్ళలో వివియన్ స్టీఫెన్స్ అనే నల్లజాతి ఎడిటర్ ఒకరు, అదే సంఘం అప్పట్లో ఇచ్చిన రీటా అవార్డు మాత్రం నల్లజాతి రచయిత్రుల చేతికి మొదటిసారి వచ్చింది 2019లో!

పుటలపురుగు:
పత్రికల్లో ప్రకటనల సంగతి చదివాక నా ప్రశ్నకి జవాబు దొరికినట్టే వెన్నెల గారూ. ఇండిగో మీద ఇంకొక్క కంప్లయింట్ మాత్రం ఉంది, గేలెన్ మరీ అంత డబ్బున్నవాడు అవ్వాలా? రెండో సగంలో అంతా కానుకలే.

వెన్నెల_రాతలు:
గేలెన్ వాళ్ళ ఊరు న్యూ ఆర్లీన్స్ కదా, అక్కడ స్వేచ్ఛగా ఉన్న నల్లజాతి కుటుంబాల్లో ఆస్తిపరులు నిజంగానే ఉండేవాళ్ళండీ, ఆ లెక్కన గేలెన్‌ని నమ్మొచ్చు. కానుకల భాగం కొంచెం సాగిందంటే మాత్రం ఒప్పుకుంటా, నాకూ హెస్టర్ ఇంట్లో దాగి ఉన్న రోజులే ఎక్కువ ఇష్టం. ముందు నైట్ సాంగ్ చదవండి, వెంచ్ తర్వాత.